దివిసీమ ఇంటికీ హైదరాబాద్‌కూ మధ్య తుఫాను రోజుల్లో మాట్లాడాలంటే ఏ హామ్ రేడియో కొనాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఊరు అవనిగడ్డ పక్కన. అమ్మానాన్నలతో తమ్ముడు అక్కడే ఉంటున్నాడు, మీరు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. ఇద్దరికీ హామ్ రేడియో (అమెచ్యూర్ రేడియో) నడిపే తొలిమెట్టు లైసెన్స్, అంటే రిస్ట్రిక్టెడ్ గ్రేడ్, వచ్చింది, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్లు (స్టేషన్ గుర్తింపు పేర్లు) చేతికొచ్చాయి. తుఫానుకు ఫోన్లు పోతే ఇంటి దగ్గర అందరూ క్షేమమేనా అన్న కబురైనా తెలియాలి. చేతిలో 60 వేలు ఉన్నాయి. రెండు చైనా హ్యాండ్‌సెట్లు తీసుకుంటే సరిపోతుందా, పెద్ద రేడియోకు వెళ్లాలా అన్నది సందేహం.

ముందుగా ఇద్దరూ పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకున్నందుకు సంతోషం. చాలామంది రేడియో కొన్నాక లైసెన్స్ గురించి అడుగుతారు. మీరు సరైన వరసలో వచ్చారు.

ఇక జవాబు. హ్యాండ్‌సెట్లతో మీ పని జరగదు. ఎంత ఖరీదైన హ్యాండ్‌సెట్ తెచ్చినా జరగదు. అవనిగడ్డ నుంచి హైదరాబాద్‌కు సూటిగా గీత గీస్తే 300 కిలోమీటర్ల దాకా ఉంటుంది. హ్యాండ్‌సెట్ పనిచేసే 144–146 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో తరంగం దాదాపు కంటిచూపు పోయినంత దూరమే పోతుంది. ఇందుకో చిన్న లెక్క ఉంది. ఆంటెనా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఆ ఆంటెనాకు అందే దూరం కిలోమీటర్లలో వస్తుంది. నిలబడి చేత్తో పట్టుకున్న సెట్‌కు అది 5 కిలోమీటర్లు. అవతలి మనిషికి ఇంకో 5. అదీ పొలాల మధ్య, అడ్డేమీ లేనప్పుడు. ఇళ్లు, కొబ్బరితోటల మధ్య రెండు మూడు కిలోమీటర్లు వస్తే బాగా వచ్చినట్టే. 5 వాట్ల సెట్ బదులు 10 వాట్ల సెట్ కొన్నంత మాత్రాన ఈ లెక్క మారదు.

రిపీటర్ (ఎత్తైన చోట ఉండి మన సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే స్టేషన్) ఉందిగా అంటారేమో. మామూలు రోజుల్లో రిపీటర్ మంచిదే. కానీ అది కూడా ఎవరిదో మేడ మీదో, టవర్ మీదో బ్యాటరీతో నడిచే పెట్టె. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు కరెంటు, సెల్ టవర్లు కలిసే పోయాయి. టవర్లను కూల్చే గాలి రిపీటర్ ఆంటెనాను వదిలిపెడుతుందని నమ్మి ప్లాన్ వేసుకోకూడదు. మధ్యలో ఎవరి సాయం లేకుండా మీ ఆంటెనా నుంచి తమ్ముడి ఆంటెనాకు నేరుగా చేరేదే తుఫాను రోజున అక్కరకొస్తుంది.

అలా చేరేది హెచ్ఎఫ్, అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఉండే షార్ట్‌వేవ్. మీ దూరానికి సరిగ్గా సరిపోయేది 7 మెగాహెర్ట్జ్, మనం 40 మీటర్ల బ్యాండ్ అంటామే, అది. మన దేశంలో 7.0 నుంచి 7.2 వరకు మనకు అనుమతి. ఈ తరంగాన్ని దాదాపు నిటారుగా ఆకాశంలోకి పంపిస్తే పైన అయనోస్ఫియర్ పొరకు తగిలి చుట్టూ నాలుగు వందల కిలోమీటర్ల మేర గొడుగులా కిందికి దిగుతుంది. మధ్యలో కొండలున్నా, బిల్డింగులున్నా దానికి పట్టదు. దీన్నే ఎన్‌విస్ అంటారు. తమాషా ఏమిటంటే దీనికి ఆంటెనా ఎత్తుగా ఉండనక్కర్లేదు. నేలకు నాలుగైదు మీటర్ల ఎత్తులో కట్టిన మామూలు డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపిన రెండు రెక్కల తీగ ఆంటెనా) చాలు. దూరదేశాలతో మాట్లాడాలనుకునేవాళ్లు ఆంటెనాను వీలైనంత ఎత్తుకు లేపుతారు. మీకు కావలసింది పక్క జిల్లాలూ పక్క రాష్ట్రమూ కాబట్టి ఆ తాపత్రయం వద్దు. గాలివానలో తక్కువ ఎత్తులో ఉన్న తీగే బతికి బట్టకడుతుంది కూడా.

డైపోల్ కొనకండి, తమ్ముణ్నే కట్టమనండి. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. 143ను 7.1తో భాగిస్తే సుమారు 20 మీటర్లు వస్తుంది, అంటే ఒక్కో రెక్క 10 మీటర్లు. మొదట 10.4 చొప్పున కత్తిరించి, కట్టి, ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ ఆంటెనా నుంచి ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత) చూసుకుంటూ చివర్లు కొద్దికొద్దిగా వెనక్కి మడవండి. తీగ నేలకు దగ్గరగా ఉంటే అనుకున్న ఫ్రీక్వెన్సీ కన్నా కాస్త కిందికి జారుతుంది కాబట్టి చివరి కొలత వేలాడే చోటే తీసుకోవాలి, వరండాలో పరిచి కాదు. కొబ్బరిచెట్టుకు కడితే చెట్టు ఊగినప్పుడల్లా తీగ లాక్కుంటుంది. ఒక చివర చిన్న కప్పీ బిగించి, తాడు చివర ఇసుక నింపిన సీసా వేలాడదీస్తే చెట్టు ఊగినా తీగ తెగదు. ఆ కప్పీ వల్ల ఇంకో లాభం ఉంది. తుఫాను తీరం దాటే గంటల్లో ఆంటెనా పైన ఉండకూడదు. రెండు నిమిషాల్లో కిందికి దించి చుట్టేసి, గాలి తగ్గాక మళ్లీ లాగి కట్టుకోవాలి. అచ్చం అలాంటిదే ఇంకో డైపోల్ కట్టి, సరిచూసి, చుట్టచుట్టి అటక మీద పెట్టండి. దానికయ్యే ఖర్చు కొన్ని వందలే. చెట్లే పడిపోతే రెండు వెదురు గడలు పాతి దాన్ని కట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. రెండు చోట్లా ఒకే రకం రేడియో కొందామని మీరు రాశారు. అలా వద్దు. ఎందుకో చెబుతాను.

హెచ్ఎఫ్‌లో మాట వినపడటం అన్నది అవతలివాళ్ల పవర్ మీద ఎంత ఆధారపడుతుందో, మీ చుట్టూ ఉన్న రణగొణ మీద కూడా అంతే ఆధారపడుతుంది. తుఫాను తర్వాత ఊళ్లో కరెంటు ఉండదు. ఎల్ఈడీ బల్బుల డ్రైవర్లు, టీవీ అడాప్టర్లు, మోటార్లు అన్నీ ఆగిపోతాయి. బ్యాండ్ నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి మీరు 10 వాట్లతో పంపినా తమ్ముడికి హాయిగా వినిపిస్తుంది. హైదరాబాద్‌లో మీ అపార్ట్‌మెంట్ పరిస్థితి వేరు. లిఫ్ట్, సోలార్ ఇన్వర్టర్, వంద ఫ్లాట్ల చార్జర్లు, అన్నీ కలిసి 7 మెగాహెర్ట్జ్ మీద ఎడతెగని గర్రుమనే శబ్దం పెడతాయి. సిగ్నల్ బలం చూపే ఎస్ మీటర్ ఆ గోలకే 7, 8 దగ్గర నిలబడిపోతుంది. తమ్ముడు పంపే బలహీనమైన సిగ్నల్ ఆ గోలలో మునిగిపోతుంది. కాబట్టి ఎక్కువ పవర్ ఉండాల్సింది ఊళ్లో. నగరంలో కావలసింది గోలకు దూరంగా కట్టిన ఆంటెనా. కొత్తవాళ్లు చాలామంది దీన్ని తలకిందులు చేసి, మంచి రిగ్ (పెద్ద రేడియో సెట్) నగరంలో తమ దగ్గర పెట్టుకుని చిన్నది ఊరికి పంపిస్తారు.

అందుకని ఊరికి 100 వాట్ల తరగతి రిగ్ తీసుకోండి. కొత్తది మీ బడ్జెట్‌లో కష్టం, వాడినది చూడండి. ఐకామ్ ఐసీ-718 నా మొదటి ఎంపిక. పాత డిజైన్, తెర మీద హంగులు ఉండవు. బటన్లు తక్కువ, మొరటుగా నొక్కినా తట్టుకుంటుంది, రిపేరు తెలిసినవాళ్లు ఉన్నారు. యాయెసు (Yaesu) కంపెనీ ఎఫ్‌టీ-891 దొరికితే అదీ మంచిదే. చిన్నది, కానీ మెనూలు ఎక్కువ. తడి బట్టలతో, నిద్రలేని కళ్లతో, టార్చి వెలుగులో తమ్ముడు వాడాల్సిన వస్తువు అది. అందుకే నేను 718 వైపు మొగ్గుతాను. ఏది కొన్నా పవర్‌ను మీ గ్రేడ్ లైసెన్స్ పరిమితికి తగ్గించి పెట్టుకోండి. ఐకామ్ వాళ్లదే ఐసీ-7300 గురించి అడిగారు. చాలా గొప్ప రేడియో. మీ 60 వేల పనికి మాత్రం అది కాదు.

హైదరాబాద్‌లో మీకు మైక్రోబిట్‌ఎక్స్ చాలు. ఇది మన హైదరాబాద్ హామ్ అష్హర్ ఫర్హాన్, వీయూ2ఈఎస్ఈ, రూపొందించింది. ఆయన బిట్‌ఎక్స్ సర్క్యూట్లు చూసి ప్రపంచమంతటా హామ్‌లు సొంతంగా రేడియోలు కట్టుకున్నారు. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు పనిచేస్తుంది, 7 మీద ఇంచుమించు 10 వాట్లు ఇస్తుంది, 12 వోల్టులతో నడుస్తుంది. సర్క్యూట్ మొత్తం బహిరంగంగా ఉంది కాబట్టి చెడిపోతే బాగుచేసుకోవచ్చు. టెర్రస్ మీద ఆంటెనా కట్టుకోవడానికి అసోసియేషన్‌ను లైసెన్స్ కాపీ చూపించి ముందే అడగండి. కట్టేటప్పుడు లిఫ్ట్ గదికి, సోలార్ ప్యానెళ్లకు వీలైనంత దూరంగా కట్టండి. కోయాక్స్ (రేడియో నుంచి ఆంటెనాకు వెళ్లే కేబుల్) ఆంటెనాను చేరే చోట ఒక ఫెరైట్ చోక్ పెడితే బిల్డింగ్ గోల కేబుల్ బయటి పొర వెంట పాకి రావడం తగ్గుతుంది. అది చవక వస్తువు, దాన్ని మాత్రం వదిలేయకండి.

పవర్ విషయంలో మీరు లిథియం బ్యాటరీలు, సోలార్ జనరేటర్లు అంటూ చాలా చూశారు. ఊళ్లో మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందని కూడా మీరే రాశారు. దాని కింద ఉన్న 150 ఆంపియర్-అవర్ ట్యూబ్యులర్ బ్యాటరీయే మీ పవర్ స్టేషన్. అది 12 వోల్టులది, రిగ్‌కు కావలసిందీ అదే. ఇన్వర్టర్ ద్వారా 230 వోల్టులు చేసి, మళ్లీ అడాప్టర్‌తో 13.8కి దించడం శుద్ధ దండగ. పైగా నడుస్తున్న ఇన్వర్టర్ హెచ్ఎఫ్ మీద భరించలేనంత శబ్దం చేస్తుంది. రేడియో వేసే ముందు ఇన్వర్టర్ ఆపేసి, బ్యాటరీ నుంచి నేరుగా తీసుకోండి.

ఇక్కడ వైరు దగ్గర జాగ్రత్త. ఈ రిగ్‌లు పూర్తి పవర్‌లో సుమారు 20 ఆంపియర్లు లాగుతాయి, 11.7 వోల్టులకన్నా తక్కువైతే సరిగా పనిచేయవు. బ్యాటరీ వరండాలో, రేడియో గదిలో పెట్టి మధ్యన నాలుగు మీటర్ల మేర 2.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరు లాగారనుకోండి. పోను రాను ఎనిమిది మీటర్లు. 20 ఆంపియర్ల దగ్గర వైరులోనే 1.2 వోల్టు పోతుంది. బ్యాటరీ దగ్గర 12.2 ఉంటే రిగ్ దగ్గర 11 మిగులుతుంది. మీరు మైక్ నొక్కి గట్టిగా మాట్లాడగానే రిగ్ ఆగిపోతుంది, వదలగానే మళ్లీ వెలుగుతుంది. చాలామంది అప్పుడు రేడియో పాడైందనుకుని టెన్షన్ పడతారు. అదే 6 చదరపు మిల్లీమీటర్ల వైరు రెండు మీటర్లే వాడితే పోయేది పావు వోల్టు. పవర్ తగ్గించుకుంటే కరెంటూ తగ్గుతుంది, కానీ వైరు మాత్రం పూర్తి పవర్‌కు తగ్గదే వేయండి. వైరు చివర్లకు రాగి లగ్గులు క్రింప్ చేయించి టెర్మినల్ బోల్టుకు బిగించండి, క్రొకడైల్ క్లిప్పులు వద్దు. ప్లస్ వైరు మీద బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజ్ ఉండాలి. ఆ బ్యాటరీ షార్ట్ అయితే వైరు ఎర్రగా కాలి ఇల్లు అంటుకుంటుంది.

ట్యూబ్యులర్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు కాబట్టి చేతిలో 75 ఆంపియర్-అవర్లు ఉన్నాయనుకుందాం. ఉదయం 6 నుంచి రాత్రి 8 వరకు ప్రతి గంట మొదట్లో పది నిమిషాలు మాత్రమే రేడియో వేస్తే రోజుకు రెండున్నర గంటలు. అందులో గంటసేపు మాట్లాడినా, సగం పవర్‌లో, మొత్తం 10 ఆంపియర్-అవర్ల దగ్గర్లో అవుతుంది. అంటే వారం రోజులు గడుస్తుంది. రాత్రంతా ఫ్యాన్లు తిప్పితే ఒక్క రాత్రికే అయిపోతుంది. బ్యాటరీ ఫ్యాన్‌కా రేడియోకా అన్నది ఇంట్లో ముందే మాట్లాడుకోండి. నాన్నగారికి ఇది ఇప్పుడే చెబితే బాగుంటుంది, ఉక్కపోసే రాత్రి చెప్పడం కష్టం. తుఫాను హెచ్చరిక రాగానే బ్యాటరీని నేల మీద నుంచి లేపి ఎత్తైన అరుగు మీదో, బల్ల మీదో పెట్టండి. 60 వేలలో మిగిలితే ఓ 100 వాట్ల సోలార్ ప్యానెల్, చార్జ్ కంట్రోలర్ కొనుక్కోవచ్చు. మొదటి రోజే కొనాల్సింది కాదు.

హ్యాండ్‌సెట్లు అసలే వద్దని కాదు. వాటికీ చోటుంది, కానీ అది ఊళ్లో. మీ సీమ నేల బల్లపరుపుగా ఉంటుంది, అదే మీ బలం. ఇంటి మీద 12 మీటర్ల ఎత్తులో ఒక వీహెచ్ఎఫ్ (హ్యాండ్‌సెట్ల 144–146 మెగాహెర్ట్జ్ బ్యాండ్) ఆంటెనా పెడితే ఇందాకటి లెక్క ప్రకారం 14 కిలోమీటర్లు. మచిలీపట్నంలో ఇంకో హామ్ అదే ఎత్తులో పెట్టుకుంటే మొత్తం 28. అవనిగడ్డ నుంచి బందరుకు సూటిగా ఉన్న దూరం సుమారు అంతే. అప్పుడు జిల్లా కేంద్రంలో మనిషి దొరికినట్టే. ఆంటెనాకు 49 సెంటీమీటర్ల నిలువు కడ్డీ ఒకటి, ఏటవాలుగా కిందికి వంచిన నాలుగు కడ్డీలు చాలు. కేబుల్ దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. ఆర్‌జీ-58 అనే సన్న రకం కోయాక్స్ 20 మీటర్లు వాడితే 145 మెగాహెర్ట్జ్ దగ్గర సగానికి పైగా పవర్ కేబుల్లోనే ఆవిరైపోతుంది. మందపాటి ఆర్‌జీ-213 వేస్తే మూడో వంతే పోతుంది. 7 మెగాహెర్ట్జ్ డైపోల్‌కు ఆర్‌జీ-58 చాలు, అక్కడ నష్టం స్వల్పం.

చైనా సెట్ల గురించి ఒక హెచ్చరిక. వాటిలో చాలావాటికి 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ దాకా తలుపులన్నీ తెరిచే ఉంటాయి. ఆ పరిధిలోనే ఓడలు, మరబోట్లు వాడే మెరైన్ చానళ్లు, ఇతర ప్రభుత్వ సర్వీసులు ఉన్నాయి. పొరపాటున అక్కడ మైక్ నొక్కితే ప్రాణాలు కాపాడే సంభాషణకు అడ్డుపడతారు, కేసు కూడా అవుతుంది. కొన్న రోజే కంప్యూటర్‌కు కలిపి మన బ్యాండ్ బయట ట్రాన్స్‌మిట్ కాకుండా లాక్ చేయండి. ఆన్‌లైన్‌లో అనుమతుల్లేని వాకీటాకీల అమ్మకాల మీద 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ నోటీసులిచ్చింది, మార్గదర్శకాలూ తెచ్చింది. కాబట్టి ఏది కొన్నా బిల్లు ఉండాలి. వాడిన రిగ్ అయితే అమ్మేవారి కాల్‌సైన్, లైసెన్స్ కాపీ, రిగ్ సీరియల్ నంబర్‌తో రాతపూర్వకంగా తీసుకోండి. తమ్ముడి లైసెన్స్ మీద ఊరి చిరునామా, మీ దాని మీద హైదరాబాద్ చిరునామా సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి.

అమ్మానాన్నల చేతికి హామ్ సెట్ ఇవ్వకూడదు, వాళ్లకు లైసెన్స్ లేదు. ఇంటి నుంచి తుఫాను షెల్టర్ దాకా మాట్లాడుకోవడానికి 446.0–446.2 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే అర వాటు సెట్లకు లైసెన్స్ అక్కర్లేదు. కొన్ని వందల మీటర్లకు అవి బాగానే పనికొస్తాయి. పెట్టె మీద ఆమోదం వివరాలు చూసి కొనండి.

పరికరాలన్నీ వచ్చాక అటక ఎక్కించి తుఫాను కోసం ఎదురుచూస్తే అవి ఆ రోజు పనిచేయవు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు భారతీ ప్రసాద్, వీయూ2ఆర్‌బీఐ, పోర్ట్‌బ్లెయిర్ నుంచి అండమాన్ సమాచారాన్ని బయటి ప్రపంచానికి చేరవేయగలిగారు. మన హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున ఆమె హామ్ యాత్ర (అరుదైన చోటికి వెళ్లి అక్కడి నుంచి హామ్ రేడియో నడపడం) కోసం అక్కడికి వెళ్లి ఉన్నారు. సునామీకి ముందు రోజుల నుంచే ఆంటెనాలు పైన ఉన్నాయి, రిగ్‌లు నడుస్తున్నాయి, ఆ గొంతును గుర్తుపట్టేవాళ్లు దేశమంతా వింటున్నారు. నేను ఎవరికి చెప్పినా ఈ ఉదాహరణే చెబుతాను. కొత్తగా పెట్టె విప్పిన స్టేషన్ అయితే ఆ పని అయ్యేది కాదు.

కాబట్టి ప్రతి ఆదివారం ఇద్దరూ మాట్లాడుకోండి. ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఐదింటికి, రాత్రి తొమ్మిదింటికి ప్రయత్నించి ఎప్పుడు ఎంత బాగా వినిపించిందో నోట్‌బుక్‌లో రాయండి. 7 మెగాహెర్ట్జ్ పగలంతా మీ దూరానికి అనుకూలం. రాత్రి పొద్దుపోయాక దగ్గరి ఊళ్లు మాయమై దూరదేశాలు వినిపించడం మొదలవుతుంది, తెల్లవారుజామున మరీ కష్టం. అంటే ముఖ్యమైన కబురు సాయంత్రంలోపే అయిపోవాలి. ఈ ఫలానా ఫ్రీక్వెన్సీ, అది బిజీగా ఉంటే ఫలానా ఇంకోటి అని రెండు రాసి రిగ్‌కు అతికించండి. 7.110 మన ప్రాంతానికి అత్యవసర సమాచార కేంద్రంగా పెట్టుకున్న ఫ్రీక్వెన్సీ, 14.300 ప్రపంచమంతటికీ. వాటి మీద ముందు వినండి, ఏదైనా నెట్ (హామ్‌లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద వరసగా మాట్లాడుకునే సమావేశం) నడుస్తుంటే పిలిచేదాకా ఆగండి. మీరు దొరక్కపోయినా తమ్ముడి మాట విని మీకు ఫోన్ చేసే హామ్‌లు ఇద్దరు ముగ్గురు ఉండాలి. ఉదయం నెట్లలో రోజూ చెక్-ఇన్ అవుతుంటే వాళ్లు వాళ్లంతట వాళ్లే పరిచయమవుతారు.

ఒక ఆదివారం కరెంటు మెయిన్ ఆపేసి, బ్యాటరీ మీద, అటక మీది రెండో డైపోల్ కట్టి మాట్లాడమనండి. సందేశం కూడా కాగితం మీద రాసుకుని చదవాలి. ఎవరు, ఎక్కడ, ఎంతమంది, ఏం కావాలి, ఎన్ని గంటలకు రాసింది. అంకెలు ఒక్కొక్కటిగా చదివి, అవతలివాళ్లతో తిరిగి చెప్పించుకోవాలి. "ఇరవై మందికి మందులు" అన్నది గోలలో "ఇరవై మంది లేరు" అని వినపడితే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఖర్చు చేసే వరస ఇది. మొదట రెండు చోట్లకూ డైపోల్ సామాను, కోయాక్స్, ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్. తర్వాత ఊరికి వాడిన 100 వాట్ల రిగ్, మందపాటి వైరు, ఫ్యూజ్. ఆ తర్వాత మీ మైక్రోబిట్‌ఎక్స్. వీహెచ్ఎఫ్ ఆంటెనా, హ్యాండ్‌సెట్ ఆఖర్న. మన తీరానికి తుఫానులు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యే వస్తాయి. 1977లో మీ దివిసీమను ముంచింది నవంబర్ 19న, మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబర్ 5న. కాబట్టి ఆగస్టుకల్లా డైపోల్ ఎక్కి ఉండాలి. మీ పెరట్లో చెట్ల మధ్య దూరం ఎంతుందో, బ్యాటరీ ఏ గదిలో ఉందో, టెర్రస్ కొలతలు ఏమిటో రాయండి. తీగ ఎటు నుంచి ఎటు లాగాలో గీసి పంపిస్తాను.